రామాంజినమ్మ గోళ్లు

ధర్మవరం మగ్గాల వీధుల్లో పడుగు అతకాలంటే ముందు రామాంజినమ్మనే పిలిచేవారు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టాలి. వేల పోగులు. పట్టుపోగు కంటికి సరిగా ఆనదు, వేలికొసకే తెలియాలి. రామాంజినమ్మ పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ, పోగు వైపు చూడకుండానే అతికేది. ఆమె అతికిన చోట తెగిందని ఎవరూ అనగా వినలేదు.

ఆమె భర్త ఆదెన్న ఇంట్లోనే గుంత మగ్గం నేసేవాడు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి పొద్దు గూకే దాకా పలకలు తొక్కడమే అతని పని. ఆ సీమ గాలి పొడిగాలి. ఎండాకాలంలో అది వీచిందంటే పట్టుపోగులు పెళుసెక్కి పుటుక్కున తెగేవి. అందుకని ఆదెన్న గోనెసంచి తడిపి గుంతలో పరిచేవాడు. తాగే నీళ్ల కోసం వీధి వీధంతా బిందెలు పట్టుకుని నిలబడే రోజుల్లో కూడా ఆ సంచి తడి ఆరనిచ్చేవాడు కాదు. ఏళ్ల తరబడి ఆ తడిలో నాని అతని కాలిగోళ్లు పసుపు పచ్చగా మందమెక్కి, అంచులు పిండి పిండిగా రాలేవి. అతను దాన్ని పట్టించుకోలేదు. మగవాడి కాలిగోళ్లు ఇంకెవరు చూస్తారు? మగ్గం దిగాక కాళ్లు లాగుతున్నాయని చాపుకుంటే, రామాంజినమ్మ ఆముదం వెచ్చబెట్టి పాదాలకు పట్టించేది. పెళ్లయినప్పటి నుంచీ అది ఆమెకు అలవాటు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానలు పడక, చీరల బేరాలు కూడా మందగించాయి. అతుకు పని ఒక్కటే చేస్తే గడవదని రామాంజినమ్మ పట్టు ఉడకబెట్టే పనికి ఒప్పుకుంది. సబ్బు, సోడా కలిపిన వేడినీళ్లలో పట్టు చిలపల్ని, ఆ పోగుల కట్టల్ని, ముంచి తీయాలి. చేతులు పొద్దస్తమానం ఆ నీళ్లలోనే. కొన్ని నెలలకు కుడిచేతి బొటనవేలి గోరు ఒక మూల తెల్లబడింది. తర్వాత పసుపు రంగు తిరిగింది. గోరు కిందంతా ఏదో పిండి పేరుకున్నట్టయి పైకి లేచింది. చూపుడువేలి గోరు కూడా అదే దారి పట్టింది.

ముందు ఆమె గాజుపెంకుతో గీకింది. తర్వాత ఎవరో చెబితే సున్నం, బెల్లం కలిపి గోటికి పట్టించింది. వేలు పుండయింది గానీ గోరు పలచబడలేదు. సంతలో ఒకడు అమ్మిన నల్లటి మందు కూడా పూసింది. ఏదీ పనిచేయకపోయేసరికి గోరింటాకు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎరుపు కింద గోరు రంగు తెలియదని. ఏ పండగకని పెట్టుకున్నావని ఇరుగుపొరుగు అడిగితే, వేడి చేసిందని చెప్పేది. పడుగు అతకడానికి పోతే మాత్రం దాచడం కుదరలేదు. పెచ్చులూడిన గోటికి పోగు తగులుకుని తెగేది. ఎప్పుడూ లేనిది ఇట్లా ఎందుకు తెగుతోందని మగ్గం వాళ్లు అంటే, గాలి ఎక్కువగా ఉందని తలుపు వేయించేది.

ఆదెన్న చీరలు కొనే షావుకారు బాలసుబ్రహ్మణ్యం. పట్టు ఇచ్చేదీ, నేసిన చీర తీసుకునేదీ ఆయనే. ఒక శుక్రవారం పట్టు తేవడానికి రామాంజినమ్మ ఆ ఇంటికి పోయింది. ఎండన పడి వచ్చిందని షావుకారు తల్లి కన్యకమ్మ లోటాతో మజ్జిగ ఇచ్చింది. రామాంజినమ్మ తాగి లోటా తిరిగి ఇవ్వబోతుంటే, ఆ పెద్దావిడ చూపు వేళ్ల మీద పడింది. గోరింటాకు వెలిసిపోయి ఉంది. చెయ్యి చాపమంది. రామాంజినమ్మ చాపింది.

కన్యకమ్మ చాలాసేపు చూసింది. చెయ్యి మాత్రం తాకలేదు.

"ఆ లోటా ఆ మెట్టు మీదనే పెట్టు. లోపలికి తేవద్దు," అంది.

రామాంజినమ్మ లోటా మెట్టు మీద పెట్టి, పట్టు తీసుకోకుండానే ఇంటికి వచ్చింది. ఏమైందని ఆదెన్న అడిగితే, షావుకారు ఊర్లో లేడని చెప్పింది.

అసలు సంగతి అతనికి షావుకారు గుమాస్తా వెంకటప్ప ద్వారా తెలిసింది. పెద్దరోగం, కుష్టు అన్న మాట వెంకటప్ప నోటితో అనలేదు, కానీ అది కాకుంటే చాలన్నట్టు మాట్లాడాడు. వారం తిరిగేలోగా అతుకు పనికి పిలిచేవాళ్లు తగ్గారు. పట్టు ఉడకబెట్టే చోట ఇక రావద్దన్నారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు కొంచెం జరిగేవి. రామాంజినమ్మ కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని నడవడం నేర్చుకుంది. అన్నం కూడా ఆదెన్న తిని లేచాక, వంటింట్లో గోడవైపు తిరిగి తినేది. అతను అది చూశాడు. ఇటువైపు కూర్చుని తినమని ఒక్కసారి అంటే సరిపోయేది. అనలేదు.

ఆ మాట గార్లదిన్నె దాకా పోయింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆంజినమ్మను అక్కడే ఇచ్చారు. ఆమెకు అప్పుడు తొలి కాన్పు దగ్గరపడుతోంది. పుట్టింటికి తీసుకురావడానికి ఆదెన్న పోతే, వియ్యపురాలు మర్యాదగానే అన్నం పెట్టి, కాన్పు అక్కడే చేసుకుంటామని చెప్పింది. ధర్మవరంలో నీళ్లకు ఇబ్బందిగా ఉంది కదా అంది. నీళ్ల ఇబ్బంది గార్లదిన్నెలో మాత్రం లేదా అని అడగాలని అతనికి నోటిదాకా వచ్చింది. కూతురు తలుపు వెనక నిలబడి ఏడుస్తోంది. ఆదెన్న సరేనని లేచి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక భార్యకు ఆ నీళ్ల మాటే చెప్పాడు. ఆమె నమ్మినట్టే తల ఊపింది.

తర్వాత బాలసుబ్రహ్మణ్యమే ఒక దారి చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాడు. అనంతపురంలో చర్మాల డాక్టరు శేషయ్య ఉన్నాడనీ, ఆయన చూసి ఇది ఆ రోగం కాదంటే అందరి నోళ్లూ మూతపడతాయనీ అన్నాడు. విని వచ్చి చెప్పడానికి వెంకటప్పను కూడా ఆ ఇద్దరి వెంట పంపాడు.

డాక్టరు శేషయ్య నడివయసు మనిషి. గొంతు పెంచేవాడు కాదు. రామాంజినమ్మ కొంగులోంచి చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ చేతిని అలా ఎవరూ పట్టుకోక ఏడాదవుతోంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన ఆమెను కళ్లు మూసుకోమని, దూది పింజెతో, సూది మొనతో చేతుల మీదా ముఖం మీదా తాకిస్తూ ఎక్కడ తగిలిందో చెప్పమన్నాడు. ఆమె అన్నీ సరిగ్గా చెప్పింది. మోచేతి నరం నొక్కి చూశాడు. వీపు మీద మచ్చలున్నాయేమో చూశాడు. తర్వాత గోరు కిందనుంచి కొంచెం పొడి గీకి, అద్దం పలక మీద వేసి, ఏదో మందు చుక్క కలిపి, గొట్టంలోంచి చూశాడు.

గోళ్లు మందమెక్కడానికి కారణాలు చాలా ఉంటాయని ఆయన చెప్పాడు. పొలుసుల జబ్బున్నా, దెబ్బ తగిలినా, వయసు మీద పడినా అలా కావచ్చనీ, అందుకే కంటితో చూసి మందివ్వడం తనకు అలవాటు లేదనీ అన్నాడు.

"ఇది పెద్దరోగం కాదమ్మా. బూజు. ఊరగాయ మీద పట్టినట్టు గోరు కింద పట్టింది. సోడానీళ్లకు గోరు మెత్తబడింది, అది లోపలికి చేరింది. లోటా ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే వచ్చేది కాదిది."

వెంకటప్ప పెద్దగా ఊపిరి వదిలాడు.

డాక్టరు మాత్రలు రాశాడు. ఆరు నెలలు మానకుండా వేసుకోవాలి. అన్నం తిన్న తర్వాత, నెయ్యో పాలో తీసుకుని మింగితేనే ఒంటికి పడతాయి. కొత్త గోరు మొదలు నుంచి పెరుగుతూ వచ్చి పాతదాన్ని బయటికి తోసేయాలి, అందుకే అంత కాలం పడుతుంది. పాడైన గోరును పొట్టిగా కత్తిరిస్తూ ఉండాలి, ఆ బ్లేడు ఇంకొకరు వాడకూడదు. చేతులు తడిలో ఉంచకూడదు, తడిసినా వెంటనే తుడుచుకోవాలి. ఇవన్నీ చెప్పి, కాగితం చేతికిస్తూ ఆయన ఆదెన్న వైపు తిరిగాడు. ఇది చాలాసార్లు కాళ్ల నుంచి వస్తుందనీ, ఒకరికుంటే రోజూ ఆ చోటును ముట్టుకునే ఇంకొకరికి నెమ్మదిగా అంటుతుందనీ అన్నాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? చేతులకు గానీ, కాళ్లకు గానీ?"

ఆదెన్న చెప్పుల్లో వేళ్లు ముడుచుకున్నాడు. పక్కనే వెంకటప్ప ఉన్నాడు. ఉందని చెబితే ఆ మాట సాయంత్రానికి షావుకారు ఇంట్లో ఉంటుంది. భార్య తాగిన లోటా లోపలికి రానివ్వనివాళ్లు, ఈ కాళ్లతో తొక్కిన మగ్గం మీది చీరను తీసుకుంటారా? అదంతా ఒక్క క్షణంలో అతని తలలో తిరిగింది. దానికి అడుగున ఇంకొకటి ఉంది. ఈ ఏడాదంతా ఆమె పడిన అవమానం తన కాళ్ల కింద నుంచి వచ్చిందని నలుగురి ముందు ఒప్పుకోవాలి.

"ల్యాదు సార్. ఎవురికీ ల్యాదు," అన్నాడు.

రామాంజినమ్మ తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. కోపంగా చూడలేదు, ఆశ్చర్యంగానూ చూడలేదు. చూసి, మళ్లీ తన చేతివైపు తల వంచుకుంది. ఆ పాదాల్ని ప్రతి సాయంత్రం ఒళ్లో పెట్టుకునే మనిషి ఆమె.

తిరుగు బస్సులో వెంకటప్ప సంతోషంగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆదెన్న కిటికీ వైపు తిరిగి, ఎండిపోయిన శెనక్కాయ చేలు చూస్తూ ధర్మవరం దాకా వచ్చాడు.

మాత్రలు పనిచేశాయి. మొదట్లో ఆమెకు తలనొప్పి వచ్చేది, తర్వాత సర్దుకుంది. గోటి మొదట్లో సన్నటి గులాబీ రంగు గీత కనిపించింది. అది నెల నెలా కొంచెం కొంచెం ముందుకు జరిగింది. ఈలోపు గార్లదిన్నెలో మనవడు పుట్టాడు. ఆదెన్న ఒక్కడే పోయి చూసి వచ్చాడు. రామాంజినమ్మ కుట్టిన బొంతను వియ్యపురాలు తీసుకుంది గానీ, ఉతికి వాడతామంది. ఆ మాట ఆదెన్న ఇంట్లో చెప్పలేదు. పిల్లోడు ఎట్లుండాడని రామాంజినమ్మ అడిగితే, నీ ముక్కే వచ్చిందని చెప్పాడు. ఆమె ఆ రోజంతా ఆ మాటతోనే గడిపింది.

అన్నిటికన్నా కష్టమైనది సాయంత్రాలు. మగ్గం దిగి ఆదెన్న కూర్చోగానే ఆమె ఆముదం గిన్నెతో వచ్చేది. వద్దని చెప్పాలని అతనికి ప్రతిరోజూ ఉండేది. కానీ వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఆసుపత్రిలో ఆడిన అబద్ధం నోటితో ఒప్పుకున్నట్టవుతుంది. కాళ్లు నొప్పి లేవని అనవచ్చు, అలా అన్నా ఆమెకు అర్థమైపోతుంది. అందుకని అతను ఏమీ అనకుండా కాళ్లు చాపేవాడు. ఆమె ఏమీ అనకుండా నూనె పట్టించేది. ఆ సమయంలో అతను ఆమె ముఖం వైపు చూసేవాడు కాదు.

ఆరు నెలలు దాటి ఇంకొన్నాళ్లకు గోళ్లు రెండూ శుభ్రపడ్డాయి. అతుకు పనికి మళ్లీ పిలుపులు వచ్చాయి. బాలసుబ్రహ్మణ్యం కబురు చేసి పని ఇచ్చాడు. గార్లదిన్నెకు కూడా కబురు పోయింది. ఉగాదికి ఆంజినమ్మను, పిల్లాణ్ణి పంపిస్తామని వియ్యపురాలు ఒప్పుకుంది. గోళ్లు పూర్తిగా బాగైనాయి కదా అని రెండుసార్లు అడిగి మరీ ఒప్పుకుంది. రామాంజినమ్మ ఉయ్యాల కోసం పాత చీర ఒకటి ఉతికి మడిచి పెట్టుకుంది.

పండగ ఇంకో పక్షం ఉందనగా, ఆమె అన్నం వడ్డిస్తుంటే ఆదెన్న చూశాడు. బొటనవేలి గోటి మూల, బియ్యపు గింజంత మేర, పసుపు పచ్చ.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. రామాంజినమ్మ అతని చూపు ఎక్కడుందో చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెకు అది అంతకుముందే తెలుసు.

"ఆంజినమ్మ కాడికి కబురు చెయ్యి. ఇప్పుడే పిల్లోణ్ణి తేవద్దని చెప్పు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఇంగొకరు అనేదానికంటే మనమే అనేది మేలు."

ఆదెన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"అది నా కాళ్ల నుంచే వచ్చింది నీకు," అన్నాడు.

"తెలుసు."

"మరి ఆ పొద్దు డాక్టరు కాడ ఎందుకు చెప్పలా?"

"ఆయప్ప అడిగింది నిన్ను. నువ్వు ల్యాదంటివి. యెంకటప్ప ముందర నిన్ను అబద్ధాలోణ్ణి చేసేదా?"

"ఆ పొద్దు నుంచి కూడా నూనె పెడతానే ఉంటివి కదా."

ఆమె గిన్నె మీద మూత సరిచేసింది.

"నువ్వే వద్దంటావని చూస్తాంటి. ఒక్క మాటు వద్దంటే చాలనుకుంటి," అంది.

ఆమె తిట్టి ఉంటే ఆదెన్న తల ఎత్తగలిగేవాడేమో. లేచి మగ్గం గుంతలోకి దిగి, తడి గోనెసంచిని బయటికి లాగి పడేశాడు. అది నల్లగా బూజుపట్టి వాసన కొడుతోంది.

మర్నాడే ఇద్దరూ అనంతపురం పోయారు. ఈసారి వెంకటప్ప లేడు. డాక్టరు ఏమీ అడగకముందే ఆదెన్న చెప్పులు విప్పి, పాదాలు ఒకటొకటిగా ఎత్తి స్టూలు మీద పెట్టాడు. శేషయ్య వంగి చూశాడు. పది వేళ్లకు ఎనిమిది గోళ్లు పాడైపోయి ఉన్నాయి. అప్పుడు అడిగాను కదా అన్నాడు. అడిగినారు సార్, నేనే అబద్ధం చెప్పినా అని ఆదెన్న అన్నాడు. డాక్టరు ఇద్దరికీ మందు రాశాడు. కాలిగోరు చేతిగోరు కన్నా చాలా నిదానంగా పెరుగుతుందనీ, అతనికి ఏడాదికి పైనే పట్టవచ్చనీ, అయినా అన్నీ పూర్తిగా బాగవుతాయని మాట ఇవ్వలేననీ చెప్పాడు. గుంతలో ఇసుక పోసి పొడిగా ఉంచమన్నాడు. పోగులకు తడి కావాలంటే నీళ్లకుండలు మగ్గం పక్కన పెట్టుకోమన్నాడు. ఆమె చేత కాళ్లు పట్టించుకోవద్దని మాత్రం ఆయన చెప్పవలసిన పని లేకపోయింది.

ఊరికి రాగానే ఆదెన్న నేరుగా షావుకారు ఇంటికి పోయాడు. బాలసుబ్రహ్మణ్యం గద్దె మీద ఉన్నాడు, కన్యకమ్మ గడపలో కూర్చుని వత్తులు చేస్తోంది. రామాంజినమ్మకు గోళ్ల జబ్బు తన కాళ్ల నుంచే అంటిందనీ, అప్పుడు వెంకటప్ప ముందు దాచాననీ, ఇక తన మగ్గం చీర వద్దనుకుంటే చెప్పమనీ అన్నాడు. ఈ మాటలు దారి పొడుగునా పేర్చుకుని వచ్చాడు.

బాలసుబ్రహ్మణ్యం నవ్వాడు.

"మగ్గం తొక్కే కాళ్లు ఇంకెట్లుంటాయప్పా. దీనికోసరం పెద్ద కత చెప్తాండావు. పో, పోయి పని చూసుకో."

ఆదెన్న కదల్లేదు. ఇంత కాలం దేనికి భయపడ్డాడో అది అసలు లేనేలేదు. ఆమెకైతే లోటా మెట్టు మీద పెట్టించారు, తనకైతే నవ్వి పొమ్మంటున్నారు. తను దాచింది ఈ నవ్వు కోసమా అనిపించి అతని ముఖం మండిపోయింది.

"అమ్మా," అన్నాడు కన్యకమ్మతో. "అదే రోగం నాకు పదేండ్ల నుంచి ఉండాది. నాకు ఈ ఇంట్లో ఎప్పుడొచ్చినా మజ్జిగ ఇస్తిరి."

కన్యకమ్మ వత్తి చేస్తున్న చెయ్యి ఆపింది. అతను జవాబు కోసం ఆగలేదు.

గార్లదిన్నెలోనూ అదే చెప్పాడు. వియ్యపురాలు నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, ఇద్దరికీ బాగైనాకనే ఆంజినమ్మను, పిల్లాణ్ణి పంపుతామంది. ఆదెన్న కాదనలేకపోయాడు. ఆ ఉగాది అట్లాగే పోయింది. మరుసటి ఉగాదికి రామాంజినమ్మ గోళ్లు మళ్లీ శుభ్రపడ్డాయి. ఈసారి అలాగే నిలిచాయి. ఆదెన్న కాలిగోళ్లు మాత్రం కొన్ని బాగై, బొటనవేళ్లు రెండూ అలాగే ఉండిపోయాయి. అతను తన కాళ్లు తానే కడిగి, తానే తుడుచుకుని, తానే మందు రాసుకునేవాడు.

ఈసారి వియ్యపురాలు రామాంజినమ్మ గోళ్ల సంగతే అడిగింది, ఆదెన్న కాళ్ల మాట ఎత్తలేదు. ఆ ఏడు ఆంజినమ్మ రెండో కాన్పుకు పుట్టింటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తొలి నీళ్లు రామాంజినమ్మే పోసింది. కాళ్లు చాపుకుని, పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుని, రెండు అరచేతులతో ఒళ్లు రుద్దుతూ ఆమె చాలా రోజుల తర్వాత గట్టిగా మాట్లాడింది. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూశారు.

పెద్దవాడు లక్ష్మన్నకు అప్పటికి రెండేళ్లు నిండాయి. అప్పటిదాకా గార్లదిన్నెలోనే ఉంచుకున్న వాణ్ణి ఆ రోజే తీసుకొచ్చారు. వాడు గుంజ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. రామాంజినమ్మ చెయ్యి తుడుచుకుని, బెల్లం ముక్క తీసి, రమ్మని చాపింది. వాడు ఆమె ముఖం వైపు చూసి, కొత్త మనిషని జంకి, పరుగెత్తుకొచ్చి ఆదెన్న పంచె పట్టుకుని వెనక దాక్కున్నాడు. గార్లదిన్నెకు వస్తూ పోతూ ఉన్న తాతను వాడు ఎరుగును. అవ్వను ఎరగడు.

"పోరా, అవ్వ కాడికి పో," అన్నాడు ఆదెన్న. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

రామాంజినమ్మ చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంచింది. తర్వాత ఆ బెల్లం ముక్క ఆదెన్న చేతికిచ్చి, నువ్వే పెట్టు అని, పసిదానికి ఒళ్లు తుడవడానికి లోపలికి పోయింది. ఆదెన్న బెల్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.